మొయినా పెంపకం – 4వ పాఠం: వేరుశనగ చెక్క ఒక్కటే ఎందుకు చాలదు?

పోయిన పాఠానికి తొట్టి పచ్చబడింది, మొయినా (చేపపిల్లలకు మేతయ్యే చిన్న నీటి జీవి) పెరిగింది, గుడ్డ వలతో తీయడమూ మొదలుపెట్టారు. ఇక లెక్కలోకి దిగుదాం.

మనం వేసే వేరుశనగ చెక్కలో మొయినా నేరుగా తినేది కొంతే. మిగతాది బాక్టీరియా కుళ్లబెడుతుంది. ఆ బాక్టీరియానూ, కుళ్లిన సారంతో పెరిగే సూక్ష్మ నాచునూ మొయినా వడగట్టుకుని తింటుంది. ఒంటికి పట్టని నత్రజనిని అమ్మోనియాగా వదులుతుంది, దాన్ని మళ్లీ నాచు అందుకుంటుంది.

చిక్కల్లా భాస్వరంతోనే. చెక్కలో నత్రజని సుమారు 7 శాతం, భాస్వరం 0.65 శాతం. అంటే దాదాపు 11 రెట్ల తేడా. మొయినాకు దగ్గరి చుట్టమైన డాఫ్నియా ఒంట్లో ఆ తేడా 6, 7 రెట్లే. కాబట్టి చెక్క మీదే నడిపే తొట్టిలో, వల వేసినప్పుడల్లా భాస్వరం మొయినాతో పాటు బయటికి పోతుంది, మిగులు నత్రజని నీళ్లలో పేరుకుంటుంది. భాస్వరం లేని నాచు ఎండ ఎంత ఉన్నా ఆ అమ్మోనియాను లాక్కోలేదు.

కార్పు చేపపిల్లలను పెంచే నర్సరీ చెరువులకు హెక్టారుకు చెక్క 750 కిలోలు, పచ్చిపేడ 200, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ (భాస్వరపు ఎరువు) 50 అని చెప్పే పాత మోతాదు చూడండి. మూడూ కలిపి లెక్కేస్తే నత్రజని, భాస్వరాల తేడా ఆరు రెట్లకు కాస్త పైన తేలుతుంది! సూపర్ బస్తా ఊరికే చేర్చింది కాదన్నమాట. మీటరు లోతు నీటికి చూస్తే, వెయ్యి లీటర్లకు చెక్క 75 గ్రాములు, పేడ 20, సూపర్ 5. నానబెట్టి సగం ముందు వేయండి, మిగతాది రెండు మూడు దఫాలుగా. నీళ్లు తేటపడ్డాయని కంగారుపడి ఒకేసారి గుమ్మరించకండి. రాత్రికి ఆక్సిజన్ పడిపోతుంది. మొయినా ఎర్రబడితే ఆక్సిజన్ చాలక రక్తంలో హీమోగ్లోబిన్ పెంచుకుంటోందని అర్థం.

ఈ వారం పని: పీహెచ్‌ను (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకెను) తెల్లవారుజామునా, మధ్యాహ్నం మూడింటికీ కొలిచి రాసుకోండి. ఎండలో నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేస్తుంటే పీహెచ్ ఎక్కుతుంది. 25 డిగ్రీల మంచినీటిలో, పీహెచ్ 8 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషపు రూపం 5 శాతం, 9 దగ్గర 36 శాతం. పొద్దున చూసి బాగుందనుకున్న నీరే మధ్యాహ్నానికి చంపేయగలదు. మూడింటికి 9 దాటిందా, ఆ రోజు చెక్క మానేసి, తొట్టికి నీడ కట్టి, కొంత నీరు మార్చండి.