ఎండాకాలం కరాటేలో చేరుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఏప్రిల్ ఆఖర్లో బడులు మూసేయగానే తిరుపతిలో బైరాగిపట్టెడ మొదలుకొని ఎం.ఆర్.పల్లి దాకా సమ్మర్ క్యాంపుల ఫ్లెక్సీలు కడతారు. చిత్తూరులోనూ అంతే. పిల్లల్ని కరాటేలో చేర్చే తల్లిదండ్రులకు ఉండే భయం ఒకటే: ఎవరైనా గుద్దితే ముక్కు పగులుతుందేమోనని. నిజానికి కొత్తవాళ్ళు మొదటి రెండు మూడు నెలలు ఒకరితో ఒకరు తలపడకూడదు. ఆ రోజుల్లో వాళ్ళకు తగిలే దెబ్బలు వేరే ఉంటాయి. నేల వల్ల, ఎండ వల్ల, తప్పుగా మడిచిన పిడికిలి వల్ల, తిప్పాల్సిన పాదం తిప్పకపోవడం వల్ల తగిలేవి అవి. దాదాపు అన్నీ ముందుగా చూసుకుంటే తప్పేవే.

మొదట మాస్టరు సంగతి. ఫీజు కట్టకముందే ఒక క్లాసు పూర్తిగా పక్కన కూర్చుని చూడండి. చూడడానికి వీల్లేదు, గేటు దగ్గర వదిలేసి వెళ్ళండి అంటే అక్కడ చేర్చొద్దు. చూసేటప్పుడు బ్లాక్ బెల్టుల విన్యాసాలు పక్కన పెట్టి, వెనక వరుసలో ఉన్న వైట్ బెల్టుల్ని, అంటే కొత్తవాళ్ళని గమనించండి. మాస్టరు వాళ్ళ దాకా వచ్చి మోకాలు, మడమ సరిచేస్తున్నారా, లేక ముందు నిలబడి లెక్క పెట్టుకుంటూ పోతున్నారా? ఏ శైలి నేర్పుతారో కూడా అడగండి. షోటోకాన్, గోజు-ర్యూ, షితో-ర్యూ, వాడో-ర్యూ శైలుల పోటీల్లో దెబ్బను అదుపులో పెట్టుకోవాలి. క్యోకుషిన్‌లో గ్లవ్స్ లేకుండా ఒంటి మీద గట్టిగానే కొట్టుకుంటారు. ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి చేర్చేవాళ్ళకు ఈ తేడా తెలిసుండాలి. ‘నెలలో ఎల్లో బెల్టు గ్యారంటీ’ అన్నచోటికి వెళ్ళకండి, ఆ తొందరంతా పిల్లల మోకాళ్ళ మీద పడుతుంది. పెంకులు పగలగొట్టించడం, చేతుల మీదుగా బైకులు పోనివ్వడం ప్రదర్శనలే గానీ శిక్షణ కాదు.

ఇక నేల. కరాటే ఒట్టి కాళ్ళతో చేస్తారు. మన దగ్గర చాలా క్లాసులు బడి ఆవరణలోనో, మిద్దె మీదో జరుగుతాయి. మే నెలలో సాయంత్రం నాలుగున్నరకు కూడా సిమెంటు మిద్దె కాలుతూనే ఉంటుంది. చేతి వెనకవైపు నేలకు ఆనించి ఐదు సెకన్లు ఉంచలేకపోతే అక్కడ పాదం పెట్టకూడదు. పొద్దున ఏడున్నరలోపు ముగిసే క్లాసు, లేదంటే సాయంత్రం ఐదున్నర తర్వాత మొదలయ్యే క్లాసు ఎంచుకోండి. మట్టి గ్రౌండయితే పల్లేరుకాయలు, గాజుపెంకులు ఉంటాయి కాబట్టి ముందు ఊడ్చాలి. పదేళ్ళకు, పదహారేళ్ళకు వేయించాల్సిన టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా వేయించారో లేదో కార్డు చూసుకోండి. సిమెంటు మీద ఎగిరి దూకే కిక్కులు వద్దే వద్దు. మ్యాట్లుంటే కనీసం 20 మిల్లీమీటర్ల మందం ఉండాలి. ముక్కకీ ముక్కకీ మధ్య సందు తెరుచుకుంటే బొటనవేలు అందులో ఇరుక్కుంటుంది, క్లాసు మధ్యలోనైనా ఆపి సర్దాలి.

తిరుపతిలో ఇంకో విషయం ప్రత్యేకంగా చెప్పాలి. సెలవుల్లో చాలామంది పిల్లలకు కొండ మీద గుండు చేయిస్తారు. కొత్త గుండు మీద ఎండ నేరుగా పడితే చర్మం కమిలిపోతుంది. రెండు మూడు వారాలు నీడలోనే సాధన చేయనివ్వండి, రావడం పోవడం టోపీతో. మెట్ల సంగతీ అంతే. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. నడిచి కొండెక్కిన మర్నాడు తొడలు, పిక్కలు పట్టేసి ఉంటాయి. ఆ కాళ్ళతో లోతైన స్టాన్సులు, అంటే మోకాళ్ళు బాగా వంచి నిలబడే భంగిమలు వేస్తే అలసిన కండరం పట్టు వదిలి బరువంతా మోకీలు మీద పడుతుంది. ఆ ఒక్కరోజు క్లాసు మానేసినా నష్టం లేదు.

డ్రెస్సు కొనేటప్పుడు బరువైన క్యాన్వాస్ రకం జోలికి పోకండి. కొత్తవాళ్ళకు, అందులోనూ ఈ ఎండకు, పల్చటి కాటన్ చాలు. ఉతికితే కుదించుకుపోతుంది కాబట్టి 140 సెంటీమీటర్ల పిల్లకు 150 సైజు తీసుకోండి. ప్యాంటు చీలమండ దాటి కిందికి వేలాడితే కాలికి తగులుకుని పడతారు, మడిచి కుట్టించండి. చెవికమ్మలు, మెడలో గొలుసు, తాయెత్తు, చేతికి కాశీదారం, కాళ్ళకు పట్టీలు అన్నీ తీసి రావాలి. ఆడవాళ్ళు మెట్టెలు తీయలేకపోతే వాటి మీద ప్లాస్టర్ టేపు చుట్టుకోవాలి. జుట్టుకు రబ్బరు బ్యాండే, లోహపు క్లిప్పులు వద్దు. గోళ్ళు వారానికోసారి కత్తిరించాలి, కాలిగోళ్ళు కూడా.

నేర్చుకునేచోట జరిగే తప్పుల్లో మొదటిది పిడికిలి. నాలుగు వేళ్ళను కొసల నుంచి లోపలికి చుట్టి, బొటనవేలిని బయట, చూపుడు, మధ్య వేళ్ళ మీద అడ్డంగా నొక్కి పెట్టాలి. బొటనవేలు లోపల దాస్తే ప్యాడ్ మీద మొదటి గుద్దుకే దాని కీలు దెబ్బతింటుంది. తగలాల్సింది చూపుడు, మధ్య వేళ్ళ కణుపులు. మణికట్టు వంగితే బరువు చిటికెన వేలి వైపు పోయి అక్కడి ఎముక విరుగుతుంది. కొత్తవాళ్ళ చేతి ఎక్స్‌రేల్లో తరచుగా విరిగి కనిపించే ఎముక అదే. గాలిలో గుద్దేటప్పుడు మోచేతిని పూర్తిగా బిగించి చాచొద్దు, చివర్లో కాస్త వంపు మిగలాలి. వందలసార్లు టక్కున లాక్ చేస్తే మోచేతి వెనక నొప్పి మొదలవుతుంది.

స్టాన్సుల్లో చూడాల్సింది జెంకుత్సు దాచి, అంటే ఒక కాలు బాగా ముందుకు వేసి మోకాలు వంచి, వెనక కాలు చాచి నిలబడడం. కాళ్ళ మధ్య భుజాలంత వెడల్పు ఉండాలి, ముందు మోకాలు పాదం చూసే వైపే చూడాలి. పొడవుగా నిలబడాలన్న తపనతో పిల్లలు ముందు మోకాలిని లోపలికి వాల్చేస్తారు, వెనక మడమ లేపేస్తారు. నొప్పి వెంటనే రాదు, మూడో వారంలో మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. స్టాన్సు పొట్టిగా ఉన్నా పర్వాలేదు, మోకాలు వాలకూడదు. మే గెరి, అంటే ముందుకు కొట్టే కిక్కులో, మొదట మోకాలు లేవాలి, కాలివేళ్ళు వెనక్కి మడవాలి, వేళ్ళ కింది గట్టి భాగం తగలాలి. మవాషి గెరి, అంటే పక్కనుంచి తిప్పి కొట్టే కిక్కులో, అసలు ప్రమాదం నేల మీద ఉన్న కాలికి. నడుము తిరుగుతుంటే ఆ పాదం మడమ కూడా గురివైపు తిరగాలి. చెమట కాలు రబ్బరు మ్యాటుకు అతుక్కుని తిరగకపోతే మోకాలు తడిబట్ట పిండినట్టు మెలిపడుతుంది. అందుకే మొదటి నెల ఈ కిక్కు నడుము ఎత్తు దాటనివ్వరు మంచి మాస్టర్లు.

వార్మప్ పది, పదిహేను నిమిషాలు ఉండాలి: నెమ్మదిగా పరుగు, కీళ్ళు తిప్పడం, కాళ్ళు ఊపడం. చాచి పట్టి ఉంచే స్ట్రెచింగ్ చివర్లో చేయాలి. స్ప్లిట్ (కాళ్ళు రెండూ నేలకు ఆనేలా చాపడం) కోసం ఎవరైనా భుజాల మీద నొక్కితే గజ్జల దగ్గర కండరం చిరుగుతుంది, మానడానికి వారాలు పడుతుంది. నొక్కనివ్వకండి. శిక్షగా బాతునడక, సిమెంటు మీద పిడికిళ్ళతో పుషప్పులు, నీళ్ళు తాగనివ్వకపోవడం క్రమశిక్షణ కాదు. ఎముకలు ఇంకా పెరుగుతున్న వయసులో వాటి కొసలు మెత్తగా ఉంటాయి. పది నుంచి పదిహేనేళ్ళ పిల్లలకు మోకాలి చిప్ప కింద బుడిపెలా వాచి నొప్పి పెడితే డాక్టరుకు చూపించండి, బద్ధకం అనుకోవద్దు.

తిండి క్లాసుకు రెండు గంటల ముందు ముగించాలి. సంగటి కడుపునిండా తిని వెళ్తే కిక్కు లేవదు, పల్చటి రాగిజావ, అరటిపండు మేలు. క్లాసులో ప్రతి పావుగంటకు అర గ్లాసు నీళ్ళు తాగనివ్వాలి. బాగా చెమట పట్టినరోజు మజ్జిగలో ఉప్పు వేసుకోవచ్చు. ఓఆర్ఎస్ కలిపితే ప్యాకెట్టు మీద రాసినంత నీటిలో ఒకేసారి మొత్తం కలపాలి, చిటికెడు చిటికెడు వేసుకోకూడదు. తలతిరుగుడు, కండరాల పట్టేత వస్తే ఆపి నీడకు చేర్చాలి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోగా ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ గాలి విసరాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో మాత్రం నీళ్ళు పోయొద్దు.

మ్యాట్లున్న క్లాసుల్లో తామర ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ప్రతి క్లాసు తర్వాత డ్రెస్సు ఉతకాలి, వేళ్ళ సందులు పొడిగా తుడవాలి. మచ్చ కనిపిస్తే మందుల షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీము కొని పూయకండి. పైకి తగ్గినట్టుండి మొండిగా ముదురుతుంది.

ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ సంచిలో కాదు, మాస్టరు చేతికి అందేచోట ఉండాలి. మూర్ఛ, గుండె జబ్బు ఉంటే ముందే చెప్పి డాక్టరు మాట తీసుకోవాలి. నలభై దాటి చేరే షుగర్ ఉన్నవాళ్ళు ఇంటికెళ్ళగానే అరికాళ్ళు చూసుకోవాలి, స్పర్శ తగ్గిన కాలికి గుచ్చుకున్నది తెలియదు.

కుమితే, అంటే ఒకరితో ఒకరు తలపడడం, మొదలయ్యే నాటికి మౌత్‌గార్డ్, చేతి గ్లవ్స్, షిన్‌గార్డ్, మగపిల్లలకు గ్రోయిన్‌గార్డ్ ఉండాలి. పళ్ళకు క్లిప్పులు ఉంటే మౌత్‌గార్డ్ దంతవైద్యుడి దగ్గరే చేయించాలి. మాస్టరు ‘యామే’ (ఆపు) అనగానే చెయ్యి ఆగిపోవాలి, అది అలవాటు కాని పిల్లల్ని జతకట్టించకూడదు. తలకు దెబ్బ తగిలితే బాగానే ఉన్నాను అన్నా ఆ రోజుకు ఆట ముగిసినట్టే. వాంతి, పెరిగే తలనొప్పి, మత్తు ఉంటే వెంటనే తిరుపతి వాళ్ళయితే రుయా ఆసుపత్రికో, చిత్తూరు వాళ్ళయితే ప్రభుత్వ జిల్లా ఆసుపత్రికో తీసుకెళ్ళండి. బెణికితే ఐసు బట్టలో చుట్టి 15, 20 నిమిషాలు పెట్టండి. నూనె రాసి మర్దనా చేయడం, లాగడం వద్దు. మర్నాటికీ కాలు మోపలేకపోయినా, వేలు వంకరగా కనిపించినా ఎక్స్‌రే తీయించాకే మళ్ళీ క్లాసు.