అమెరికాలో చదువుకు వెళ్లినప్పుడు మనవాళ్లను కలుసుకోవడం ఎలా?

ఫ్లైట్ దిగాక చూద్దాంలే అనుకోకండి. యూనివర్సిటీ పంపే ఐ-20 (వీసాకు కావాల్సిన అడ్మిషన్ పత్రం) చేతికొచ్చిన వారంలోనే ఈ పని మొదలుపెట్టాలి.

1. పెద్ద యూనివర్సిటీల్లో దాదాపు అన్నిచోట్లా ఇండియన్ స్టూడెంట్ అసోసియేషన్ ఉంటుంది. వాళ్లకు రాసి, మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో చేరండి. "హాయ్ అన్నా, హెల్ప్ కావాలి" అని వదిలేస్తే ఎవరూ పలకరు. దిగే తేదీ, ఫ్లైట్ నంబరు, సూట్‌కేసులెన్ని, టెంపరరీ అకామడేషన్ ఎన్ని రోజులు కావాలి, అన్నీ ఒకే మెసేజ్‌లో పెట్టండి.

2. మొదటి ఆదివారం ఇండియన్ స్టోర్‌కు వెళ్లండి. అక్కడ గట్టిగా తెలుగులో మాట్లాడండి! జోక్ కాదు. నేనోసారి సోనా మసూరి బియ్యం బస్తా ముందు నిలబడి "అమ్మా, ఇరవై పౌండ్లంటే మనకు ఎంతకాలం వస్తాయి?" అని ఫోన్‌లో అడుగుతున్నాను. వెనక నుంచి "తొమ్మిది కిలోలు తమ్ముడూ, ఇద్దరికి నెల గడుస్తుంది. ఏ ఊరు మనది?" అని వినిపించింది. ఆయనది తెనాలి, మాది ఖమ్మం. ఆ బస్తా భుజాన వేసుకుని రెండు బస్సులు మారే బాధ ఆ రోజు తప్పింది. ఆయన కారులో రూముకు చేరేసరికి ఏ అపార్ట్‌మెంట్‌లో నల్లులున్నాయో కూడా తెలిసిపోయింది.

3. గుడికి వెళితే దణ్ణం పెట్టుకుని వచ్చేయకండి. వంటగదిలో కూరలు తరగడానికి, ప్రసాదం వడ్డించడానికి మనుషులు ఎప్పుడూ తక్కువే. పిట్స్‌బర్గ్ శివార్లలో, పెన్ హిల్స్ కొండమీద ఉన్న వెంకటేశ్వరస్వామి గుడి 1970ల నాటిది. అలాంటి చోట పులిహోర కలిపే అక్కలకు ఊళ్లో ప్రతి తెలుగు ఇల్లూ తెలుసు. చర్చికి వెళ్లేవాళ్లకు చాలా నగరాల్లో తెలుగు ఫెలోషిప్‌లున్నాయి.

4. తానా, ఆటా, నాట్స్ లాంటి అమెరికా తెలుగు సంఘాల స్థానిక కార్యక్రమాలు చూసుకోండి. 1977లో తొలి మహాసభ జరుపుకున్న తానాకు, ఆపదలో ఆదుకునే టీమ్ స్క్వేర్ విభాగం ఉంది. ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకోండి. విదేశాల్లో ఉన్న మనవాళ్ల సాయానికి భారత విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవడం మరవకండి.

5. పరిచయం వేరు, డబ్బు, పత్రాలు వేరు. 2019 జనవరిలో మిషిగన్‌లో, వీసా మోసాలను పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వ అధికారులే నడిపిన ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీ గుట్టు బయటపడింది. పెద్దసంఖ్యలో మన విద్యార్థులు అరెస్టయ్యారు. డబ్బు తీసుకుని చేర్పించిన కేసులో పట్టుబడినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. గ్యాస్ స్టేషన్‌లో క్యాష్ జాబ్ ఇప్పిస్తానన్నా ఇదే జాగ్రత్త. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద, క్లాసులు జరిగే రోజుల్లో, క్యాంపస్‌లోనే వారానికి 20 గంటల వరకే పని. "మనవాడే కదా" అనిపించిన చోట ఆగి, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓను (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని) అడగండి. అడిగినందుకు ఫీజేమీ ఉండదు.