డీలర్ పొరపాటున మీకు ఎక్కువ ఇస్తే ఏం చేయాలి

విజయనగరం గంటస్తంభం దగ్గర నాకు చిన్న కిరాణా షాపు ఉంది. అంతకుముందు, 2011 నుంచి 2019 వరకు, గోవాలో మాండవి నది మీద లంగరు వేసి ఉండే ఒక క్యాసినో ఓడలో డీలర్‌గా, అంటే టేబుల్ దగ్గర ఆట నడిపి గెలిచినవాళ్లకి లెక్కపెట్టి ఇచ్చేవాడిగా, పనిచేశాను. ఆ సంగతి తెలిసిన కుర్రాళ్లు గోవా టికెట్ తీసుకోగానే షాపుకి వస్తారు. ఎలా గెలవాలని అడిగేవాళ్లే ఎక్కువ. దానికి నా దగ్గర జవాబు లేదు. ఈ మధ్య ఒక అబ్బాయి మాత్రం వేరే ప్రశ్న అడిగాడు. "అన్నా, డీలర్ లెక్క తప్పి నాకు ఎక్కువ ఇచ్చేశాడనుకో. చెప్పాలా, నోరు మూసుకుని తీసుకోవాలా?"

చెప్పాలి. ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో తెలిసి చెప్పాలి. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడించడం, ఆడడం రెండూ నేరమే. సంక్రాంతికి తోటల్లో జరిగే కోతముక్కాట కూడా అందులోకే వస్తుంది. గోవాలో 1976 చట్టానికి తర్వాత చేసిన సవరణల వల్ల లైసెన్సు ఉన్న క్యాసినోలు నడుస్తున్నాయి. ఎవరినీ అక్కడికి వెళ్లమని నేను చెప్పను. వెళ్లినవాళ్లు ఎలా నడుచుకోవాలన్నది మాత్రం చెబుతాను.

డీలర్లు ఎక్కడ తప్పుతారో తెలిస్తే మీ కళ్లు కూడా అక్కడే ఉంటాయి. బ్లాక్‌జాక్ అంటే ముక్కల మొత్తం ఇరవై ఒకటి దాటకుండా డీలర్ కంటే ఎక్కువ తెచ్చుకోవాల్సిన పేకాట. అందులో కూడిక దగ్గర తప్పుతారు. రెండు ముక్కలైతే ఎవరూ తప్పరు. డీలర్‌కి అయిదు, రెండు, ఆరు, ఏడు ఇలా నాలుగు ముక్కలు పడి, అది తెల్లవారుజాము మూడింటికి అయితే, ఇరవై కాస్తా పంతొమ్మిది అయిపోతుంది. మీ దగ్గర ఇరవై ఉంటే నిజానికి అది టై, మీ పందెం మీకు మిగులుతుంది అంతే. డీలర్ మాత్రం మీరు గెలిచారనుకుని పందానికి సమానంగా ఇచ్చేస్తాడు. రౌలెట్‌లో చక్రం తిప్పితే బంతి ఏ నంబర్‌లో ఆగుతుందో దాని మీద పందెం, డబ్బుకి బదులు చిప్స్ అనే బిళ్లలు పెడతారు. అక్కడ తప్పు చిప్ ఎక్కడ ఉందన్న దగ్గర వస్తుంది. నంబర్ మధ్యలో ఉంటే ఒకటికి ముప్పై అయిదు. రెండు నంబర్ల మధ్య గీత మీద ఉంటే ఒకటికి పదిహేడు. నాలుగు నంబర్లు కలిసే మూల మీద ఉంటే ఒకటికి ఎనిమిది. చిప్ వెంట్రుకవాసి జరిగినా లెక్క మారిపోతుంది.

నాకు అలాగే జరిగింది. పనిలో చేరిన రెండో ఏడు, రద్దీగా ఉన్న శనివారం రాత్రి. 17 పడింది. గెలిచిన నంబర్ మీద గుర్తుగా ఉంచే డాలీ పెట్టాను, ఓడిన చిప్స్ లాగేశాను, గెలిచినవాటికి ఇవ్వడం మొదలుపెట్టాను. ఒక పెద్దాయన అయిదు చిప్స్ 17కీ 20కీ మధ్య గీత మీద పెట్టారు. ఆయన చిప్ ఒక్కోటి వంద రూపాయలు. అయిదు పదిహేడులు ఎనభై అయిదు చిప్స్ ఇవ్వాలి. నేను నంబర్ మీద ఉందనుకుని నూట డెబ్బై అయిదు లెక్కపెట్టి ఆయన ముందుకు తోశాను. తేడా తొంభై చిప్స్, అంటే తొమ్మిది వేలు. అప్పట్లో అది నా నెల జీతంలో సగానికి దగ్గర.

ఆయన ఆ చిప్స్ ముట్టుకోలేదు. రెండు చేతులూ టేబుల్ అంచు మీదే ఉంచి, నా వైపు చూసి, "ఇది గీత మీదుంది బాబూ, నంబర్ మీద కాదు. ఒకపాలి సూడు" అన్నారు. ఆ యాస వినగానే నాకు ఒళ్లు జలదరించింది. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. ఆయనది రాజాం అని తర్వాత తెలిసింది. నేను చెయ్యి ఎత్తి సూపర్‌వైజర్‌ని పిలిచాను. ఆయన చూసి, సరిచేయమన్నారు. అరనిమిషంలో అయిపోయింది. అది రిజిస్టర్‌లో డీలర్ తప్పుగా ఎక్కలేదు, ఎందుకంటే చిప్స్ ఇంకా టేబుల్ మీద నేను పెట్టిన చోటే ఉన్నాయి.

మీరు నేర్చుకోవాల్సింది ఆ పెద్దాయన చేతుల దగ్గరే ఉంది. చిప్స్ ముట్టుకోకండి. మీరు వాటిని తీసి మీ గుట్టలో కలిపేశాక మీది ఎంతో, ఇచ్చింది ఎంతో టేబుల్ మీద ఎవరూ చెప్పలేరు. అప్పుడు ఆట ఆపి, పైన కెమెరా గదికి ఫోన్ చేసి, రికార్డు వెనక్కి తిప్పి చూడాలి. అదే పేమెంట్ మీ ముందు కదలకుండా ఉంటే డీలర్ అక్కడికక్కడే సరిదిద్దుకోగలడు.

గొంతు మామూలుగా ఉండాలి. "చెక్ ప్లీజ్" చాలు. చాలామంది డీలర్లకి తెలుగు రాదు. మాతో ఈశాన్య రాష్ట్రాలవాళ్లు, నేపాల్‌వాళ్లు, ఒడిశావాళ్లు ఉండేవారు. మీ పందెం ఎక్కడ పెట్టారో వేలితో దూరం నుంచే చూపించండి, ఆ చిప్‌ని మాత్రం కదపకండి. "నువ్వు తప్పు చేశావ్" అని అందరి ముందూ అనకండి. "ఇది టై అనుకుంటాను, ఒకసారి లెక్క చూడండి" అంటే అదే పని జరుగుతుంది, అతని పరువూ నిలబడుతుంది. డీలర్ మీ మాట విని సూపర్‌వైజర్‌ని పిలిస్తే కంగారు పడకండి. ఇచ్చిన పేమెంట్‌ని తనంతట తాను వెనక్కి తీసుకునే అధికారం అతనికి చాలాచోట్ల ఉండదు. కెమెరా చూడాల్సి వస్తే కాసేపు పట్టవచ్చు. చిప్స్ అక్కడే వదిలి కూర్చోండి.

"క్యాసినో కోట్లు మింగుతుంది, దానికి తొమ్మిది వేలు ఒక లెక్కా?" అని మీరు అడగవచ్చు. క్యాసినో విషయంలో ఆ మాట నిజమే. ఒకే సున్నా ఉన్న రౌలెట్‌లో మీరు కాసే ప్రతి వంద రూపాయల మీద సగటున రెండు రూపాయల డెబ్బై పైసలు వాళ్లకి మిగులుతుంది. రెండు సున్నాలుంటే అయిదు రూపాయలు దాటుతుంది. డీలర్ ఒక రాత్రి తప్పినంత మాత్రాన ఆ లెక్క చెదరదు. చెదిరేది ఆ టేబుల్ వెనక నిలబడ్డ మనిషి బతుకు. మా చోట తర్వాత బయటపడిన ప్రతి తప్పుకీ రిజిస్టర్‌లో డీలర్ పేరు రాసేవారు. నెలలో మూడు పడితే టేబుల్ నుంచి తీసేసి మళ్లీ ట్రైనింగ్‌కి పంపేవారు. ఆ రోజులకి టిప్పుల్లో వాటా లేదు. టిప్పులు లేకపోతే మాలో చాలామందికి ఇంటికి పంపడానికి ఏమీ మిగిలేది కాదు.

నా రూమ్మేట్ గంజాం జిల్లా కుర్రాడు. పైన చెప్పిన ఇరవై, పంతొమ్మిది తప్పు అతనిదే. పందెం అయిదు వేలు. ఆడుతున్నాయన గమనించాడు, ఎందుకంటే చిప్స్ చూసి ఒక్క క్షణం ఆగాడు, తర్వాత గబగబా లాక్కుని లేచిపోయాడు. కెమెరా గదివాళ్లకి ఆ ఆగడమే కనిపించింది. చిప్స్ మార్చుకునే కౌంటర్ దగ్గర ఆయన్ని ఆపి, పక్కకి తీసుకెళ్లి, రికార్డు చూపించి అయిదు వేలు వెనక్కి తీసుకున్నారు. భార్య పక్కనే నిలబడి ఉంది. మా వాడికి ఆ నెల అది మూడో తప్పు. మంచం మీద కూర్చుని వాళ్ల నాన్నకి ఫోన్ చేసి, ఈసారి డబ్బు పంపలేనని చెబుతుంటే నేను బయటికి వెళ్లిపోయాను.

చట్టం సంగతి దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలోని నెవాడా చట్టంలో, మోసం చేసే ఉద్దేశంతో గెలిచినదాని కంటే ఎక్కువ తీసుకోవడం నేరమని రాసే ఉంది. అట్లాంటిక్ సిటీలో 2012లో ఒక క్యాసినోలో కలపని పేకలతో బకారా అనే పేకాట నడిచింది. పేకలు ముందే కలిపి పంపాల్సింది తయారీదారు. ముక్కలు ఒకే వరసలో వస్తున్నాయని గమనించినవాళ్లు పందాలు పెంచి, వరసగా 41 ఆటలు గెలిచి 15 లక్షల డాలర్ల దాకా సంపాదించారు. వాళ్లెవరూ పేక మీద చెయ్యి వేయలేదు. అయినా కలపని పేకతో ఆడింది చట్టబద్ధమైన ఆటే కాదని 2015లో న్యూజెర్సీ కోర్టు తీర్పు ఇచ్చింది. మన దగ్గర 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్, పొరపాటున వచ్చిన డబ్బు తిరిగి ఇవ్వాలంటుంది.

అన్ని పొరపాట్లూ ఒకటి కావు. ముక్క పంచేటప్పుడు డీలర్ బోర్లా పెట్టాల్సిన కార్డు మీకు తళుక్కున కనిపించిందనుకోండి. అది మీరు తీసుకున్న డబ్బు కాదు, మీ కంట పడింది. ఆ ఒక్కసారికి చెప్పలేదని మిమ్మల్ని నేను తప్పుపట్టను. ఆ డీలర్ చెయ్యి ఎత్తుగా వస్తుందని కనిపెట్టి, రోజూ అదే కుర్చీ వెతుక్కుని కూర్చుంటే మాత్రం తప్పుపడతాను. "కార్డ్ కనిపిస్తోంది" అని మెల్లగా ఒక మాట అంటే అతను చెయ్యి దించుకుంటాడు.

ఒకే డీలర్ రెండోసారి కూడా మీ వైపే తప్పితే, చెప్పేసి ఆ టేబుల్ నుంచి లేచిపోండి. అలసిపోయి ఉండవచ్చు, పాపం. కానీ పైనుంచి చూసేవాళ్లకి మీరిద్దరూ కూడబలుక్కున్నట్టు కనిపిస్తుంది. అతను మీ కళ్లలోకి చూసి నవ్వుతూ ఇస్తే అసలే కూర్చోకండి.

పక్కవాడికి ఎక్కువ వస్తే? వాడు గమనించాడో లేదో మీకు తెలియదు. ముందు వాడికే చెప్పండి, చెప్పే అవకాశం వాడికే ఇవ్వండి. మీకు తక్కువ వచ్చినా ఇదే పద్ధతి, ఇదే గొంతు. చిప్స్ ముట్టుకోకుండా "చెక్ ప్లీజ్" అనండి. కెమెరాలో మీ మాట నిజమైతే మీది మీకు వస్తుంది. మా ఓడలో అలా ఇప్పించిన సందర్భాలు నేను చాలా చూశాను.

డీలర్ మీకు చెయ్యి కలిపి కృతజ్ఞతలు చెబుతాడని ఎదురుచూడకండి. టేబుల్ దగ్గర ఆడేవాళ్లతో చేతులు కలపడం మాకు నిషేధం. మా చెయ్యి ఎటు వెళ్లినా ముందు రెండు అరచేతులూ తిప్పి కెమెరాకి చూపించాలి. ఆ రాత్రి రాజాం పెద్దాయనకి నేను "థాంక్యూ సర్" అని మాత్రమే అనగలిగాను. టేబుల్ దగ్గర ఇంగ్లీషు, హిందీ తప్ప మాట్లాడకూడదు. ఇరవై నిమిషాల తర్వాత బ్రేక్ వచ్చింది. డెక్ మీదకి పరుగెత్తాను, ఆయన అప్పటికే ఒడ్డుకెళ్లే పడవలో కూర్చున్నారు. రాజాం అని కూడా ఆ పడవ దగ్గర కుర్రాడు చెబితేనే తెలిసింది.

ఇప్పుడు నా గల్లాపెట్టె దగ్గర పద్దెనిమిదేళ్ల అబ్బాయి కూర్చుంటున్నాడు. సిరిమానోత్సవం రోజుల్లో షాపు ముందు కాలు పెట్టే చోటుండదు. వంద ఇవ్వాల్సిన చోట అయిదు వందలు ఇచ్చేస్తాడు. తేడా వస్తే వాడి జీతంలో కోయనని మొదటి రోజే చెప్పాను. అయినా లెక్క కలవకపోతే వాడు అన్నం తినడు. మా షాపులో మీకు ఎక్కువ వచ్చిందనిపిస్తే, నోటు జేబులో పెట్టకముందే కౌంటర్ మీద ఉంచి వాడిని పిలవండి. ఇంటికెళ్లాక చూసుకుంటే రాత్రి తొమ్మిదిన్నర వరకు షట్టర్ తీసే ఉంటుంది.