‘ఈ కెమికల్‌తో ఇమ్యూనిటీ పోతుంది’ అన్న వార్త వస్తే ఎలా చదవాలి

మా కోడలు వారానికో వార్త పంపుతుంది. ఓసారి నాన్‌స్టిక్ పెనం, ఓసారి పాప్‌కార్న్ కవరు, ఓసారి రెయిన్‌కోటు. అన్నిటికీ చివర ఒకటే మాట: ఇమ్యూనిటీ దెబ్బతింటుంది. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్ యానిమల్ హౌస్‌లో చిట్టెలుకలతో ఇరవై రెండేళ్లు గడిపి రిటైరైనవాణ్ని. ఇలాంటివి నేనెలా చదువుతానో చెప్తాను.

ముందు, కొలిచిందేమిటో వెతకండి. ఇమ్యూనిటీ బీపీలాగా మీటరు పెట్టి చూసే అంకె కాదు. మేం ఏం చేసేవాళ్లమంటే, గొర్రె రక్తం తెప్పించి, గడ్డకట్టకుండా ఆల్సీవర్ ద్రావణంలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లం. అందులోని ఎర్రకణాల్ని సెలైన్‌తో మూడుసార్లు కడిగి ఎలుకకు ఎక్కించేవాళ్లం. వాటితో ఎలుకకు రోగమేమీ రాదు, పరాయివి అంతే. నాలుగైదు రోజులకు ప్లీహం (రోగనిరోధక కణాలుండే అవయవం) తీసి, ఆ పరాయి కణాల మీద యాంటీబాడీలు చేసే కణాలు ఎన్ని పుట్టాయో లెక్కపెట్టేవాళ్లం. రసాయనం తాగిన ఎలుకల్లో ఆ లెక్క పడిపోతే అది గట్టి ఆధారం. ‘ప్లీహం బరువు తగ్గింది’ అని మాత్రమే రాస్తే నేను పెద్దగా పట్టించుకోను. ఎలుక సరిగ్గా తినక చిక్కినా ప్లీహం చిక్కుతుంది. ఓ రాత్రి నీళ్ల సీసా గొట్టం బిగుసుకుపోయి ఒక బోను ఎలుకలకు తెల్లారేదాకా చుక్క అందలేదు. ఆ బోను లెక్కలన్నీ చెత్తబుట్టలోకే పోయాయి, తప్పు నాదే.

రెండోది డోసు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ‘ఎలుకకు పోసినంత మనం తింటామా?’ అని కొట్టిపారేసేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. నాన్‌స్టిక్ పూత తయారీలో ఒకప్పుడు వాడిన పీఎఫ్ఓఏ చిట్టెలుక ఒంట్లో సగానికి తగ్గడానికి రెండు మూడు వారాలు చాలు. మనిషికి రెండు నుంచి నాలుగేళ్లు పడుతుంది. పెద్ద జాతి ఎలుకల్లోనైతే (ర్యాట్) ఇంకా చిత్రం: ఆడది కొన్ని గంటల్లోనే మూత్రంలో వదిలేస్తుంది, మగదానికి రోజులు పడుతుంది. అంచేత ఎంత పోశారన్నది కాదు, రక్తంలో ఎంత తేలిందో చూడండి. ఏ జంతువు, ఆడా మగా అన్నదీ చూడండి. వార్తలో అవేవీ లేకపోతే అసలు పేపరు సారాంశం తెరవండి, పది నిమిషాల పని.

మూడోది, మనుషుల్లో అదే ప్రశ్న ఎవరైనా అడిగారా? ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవుల్లో తిమింగలం మాంసం తింటారు. సముద్రంలో చేరిన పీఎఫ్ఓఏ, దాని జాతి రసాయనాలు దాంతోపాటు ఒంట్లోకి వస్తాయి. ఫిలిప్ గ్రాన్జాన్ అనే పరిశోధకుడి బృందం అక్కడి 587 మంది పిల్లల్ని పరిశీలించి 2012లో ఫలితాలు వేసింది. ఐదేళ్ల వయసులో రక్తంలో ఈ జాతి రసాయనాలు రెట్టింపు ఉన్న పిల్లల్లో ఏడేళ్లకు ధనుర్వాతం, డిఫ్తీరియా టీకాల యాంటీబాడీలు దాదాపు సగం తక్కువగా కనిపించాయి. గొర్రె కణాలతో మేం ఎలుకని అడిగిన ప్రశ్నే ఇదీ: పరాయిది వస్తే నీ ఒళ్లు ఎలా జవాబిస్తుంది? పీఎఫ్ఓఏ ఇచ్చిన ఎలుకల్లోనూ, ఈ పిల్లల్లోనూ జవాబు ఒకే వైపు, తగ్గుదల వైపే మొగ్గింది కాబట్టే నేను దీన్ని నమ్ముతాను. 2020లో యూరప్ ఆహార భద్రతా సంస్థ కూడా పిల్లల టీకా యాంటీబాడీలే ఆధారంగా, ఇలాంటి నాలుగు రసాయనాలు కలిపి వారానికి కిలో శరీర బరువుకు 4.4 నానోగ్రాములు దాటకూడదంది.

యాంటీబాడీలు తగ్గాయంటే టీకా మానెయ్యమని కాదు. ఇది చదివి ఎవరూ ఆ పని చేయకండి.

మొన్న కోడలు పంపిన వార్త తీరా తెరిచి చూస్తే, గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద చేసిన పరీక్ష. ‘పళ్లెంలో కణాలకు కిడ్నీలుండవమ్మా’ అని రాశాను. ‘మరి మన పాత పెనం సంగతేంటి మామయ్యా?’ అంది. పూత లేచిపోతుంటే మార్చెయ్యి, ఖాళీగా మాత్రం మంట మీద వదలకు అన్నాను.