వీల్‌చైర్‌తో చిన్న పడవ ఎక్కాలంటే

కేరళలో కుమరకం వెళ్తున్నారా, ఇంట్లో వీల్‌చైర్‌లో ఉండే పెద్దవాళ్లతో? రిసార్ట్‌కి ఫోన్ చేసి "పడవ ఎక్కొచ్చా?" అని మాత్రం అడక్కండి. "ఎక్కొచ్చు సార్" అనే అంటారు. మా అత్తయ్యగారి విషయంలో మాకూ అదే చెప్పారు. తీరా వెళ్తే రేవులో మూడు మెట్లు, పడవ అంచేమో గట్టుకంటే జానెడు కింద! అందుకే, రేవులో కట్టేసిన పడవను పక్కనుంచి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. మెట్లు, ఎత్తు తేడా, మధ్యలో సందు అన్నీ అందులోనే తెలిసిపోతాయి.

అక్కడి వేంబనాడ్ సరస్సులో తిరిగే శికారాల్లో (పైకప్పున్న చిన్న పడవలు) సీట్ల మధ్య దారి ఇరుకు. మనిషిని సీట్లోకి మార్చి, కుర్చీని మడిచి వెనక పెట్టాల్సిందే. ఎక్కించేముందు పడవను ముందూ వెనకా రెండు తాళ్లతో కట్టించండి. ఒక్క తాడే ఉంటే కాలు పెట్టగానే అవతలి కొస జరిగిపోతుంది. లైఫ్ జాకెట్ గట్టు మీదే తొడిగేయండి. కుర్చీతో సహా ఎత్తాల్సివస్తే చేతులు ఆనించుకునే కమ్మీలు పట్టుకోనివ్వకండి, చాలా కుర్చీలకు అవి ఊడివస్తాయి. గట్టి ఫ్రేమ్ పట్టుకోవాలి.

పెద్ద బోటులో కుర్చీలోనే కూర్చోబెడితే బ్రేకులు వేసి, నడుం బెల్టు మాత్రం విప్పేయండి. పడవ తిరగబడితే కుర్చీ మనిషిని కిందికి లాగేస్తుంది.

గాలి తక్కువుండే పొద్దుటిపూటే వెళ్లండి. మా అత్తయ్యగారికి మాత్రం సాయంత్రం ఊపే నచ్చిందట, టెన్షనంతా మాకే!