సెప్టిక్ ట్యాంకు పొంగి సముద్రానికి చేరకుండా

శ్రీకాకుళంలో ఇంటి ముందు కాలువలోకి వదిలిన సెప్టిక్ ట్యాంకు నీళ్లు నాగావళిలో పడి, కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తాయి. అందుకే అడ్డుకట్ట ఇంటి దగ్గరే, వానలకు ముందే.

మొదట ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి కొలవండి. పొడవాటి వెదురు కర్రకు తెల్లగుడ్డ చుట్టి, అడుగు తగిలేదాకా నిలువుగా దించి, రెండు నిమిషాలాగి మెల్లగా తీయండి. గుడ్డకు నల్లగా చిక్కగా అంటినంత మేరా మడ్డే. అది నీటి లోతులో మూడో వంతుకు చేరితే తోడించాల్సిందే. మామూలుగా 2-3 ఏళ్లకోసారి. మూత తీసినప్పుడు ట్యాంకు మీదికి వంగకండి, దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వద్దు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని లోపలికి దించడం, చేతితో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. ట్యాంకులోని విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. మడ్డి తోడే లారీ కోసం 14420కి ఫోన్ చేయొచ్చు. తోడింది ఎక్కడ పోస్తారో అడగండి. గెడ్డలో (వాగులో) పోసేస్తే ఇంత చేసీ దండగే.

ట్యాంకు నుంచి నీళ్లు బయటికెళ్లే గొట్టానికి ‘టీ’ (T ఆకారపు గొట్టం ముక్క) ఉందో లేదో చాలామంది చూడరు. అది ఊడితే పైన తేలే తెట్టు నేరుగా బయటపడుతుంది. ఆ గొట్టాన్ని ఇంకుడు గుంతకు కలపండి, మంచినీళ్ల బావికి కనీసం 18 మీటర్ల దూరంలో. మేడ మీది వాననీళ్ల గొట్టం మాత్రం ట్యాంకులోకి వద్దు: ఒక్క గట్టివాన మడ్డిని లేపి కాలువలోకి నెట్టేస్తుంది.