కారుకి కంపెనీది తీసి బయట కొన్న సైలెన్సర్ వేయిస్తున్నారా, గలగల రాకముందే ఇవి చూసుకోండి

సంక్రాంతి ఇంకో నెల ఉందనగా మా వైపు కుర్రాళ్ల మనసు కారు సౌండు మీదకి పోతుంది, చుట్టాలొచ్చే లోపు కొత్త సైలెన్సర్ పడిపోవాలి అంతే. పడుతుంది, రెండ్రోజులు బ్రహ్మాండంగా ఉంటుంది, మూడో రోజు లగాయితు కింద గలగల మొదలు. నేను పాలకొల్లు దగ్గర ఉంటానండి, నా కారుకీ మా బావమరిది కారుకీ మా వీధిలో ఇంకో మూడు కార్లకీ దగ్గరుండి ఈ పని చేయించాను, అందులో రెండిటికి గలగల వచ్చి మళ్లీ మొత్తం విప్పాం. విప్పినప్పుడు అర్థమైందేంటంటే పైపులో లోపం లేదు, సైలెన్సర్‌లో లోపం లేదు, బిగించిన పద్ధతిలో, ముందే చూసుకోకపోవడంలోనే ఉంది. అందుకే పని మొదలెట్టక ముందే ఇదంతా చదవమంటున్నా.

మొట్టమొదట చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 190(2) ఉంది, సౌండు గానీ పొగ గానీ ప్రమాణాలు దాటిన బండి నడిపితే 10,000 రూపాయల దాకా ఫైను, మూడు నెలల దాకా జైలు కూడా రాసుంది, 2019 సవరణ తర్వాత లైసెన్సు కూడా మూడు నెలలు పక్కన పెట్టేస్తారు. కాబట్టి ఊరంతా దద్దరిల్లే సైలెన్సర్ జోలికి పోవద్దు. బీఎస్ 6 కారైతే ఇంజిన్ దగ్గరుండే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని (పొగలో విషవాయువులు తగ్గించే డబ్బా), దాని పక్కన సెన్సర్లని అస్సలు ముట్టుకోనివ్వకండి, ఏం మార్చినా దాని వెనకాల భాగమే.

ఇప్పుడు కారు కిందకి దూరే ముందు. మనది ఒండ్రు నేల, పైన ఎండి గట్టిగా కనపడుతుంది గానీ లోపల మెత్తగా ఉంటుంది, జాకీ పెట్టి లేపితే పది నిమిషాలు బానే ఉండి తర్వాత మెల్లగా ఓ పక్కకి దిగుతుంది, అది మీరు కింద ఉన్నప్పుడు దిగితే ఇంక చెప్పేదేముంది. సిమెంటు గచ్చు మీదే చేయండి, అది లేకపోతే జాకీ కిందా స్టాండ్ల కిందా మందపాటి చెక్క వేయండి, జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందకి దూరొద్దు, రెండు స్టాండ్లు తప్పనిసరి, కింద ఉన్న చక్రాలకి ముందూ వెనకా అడ్డం పెట్టాలి. ఇటుకలు పేర్చి ఆపేవాళ్లని చూశాను, దయచేసి అలా చేయకండి, ఇటుక పగిలేటప్పుడు ముందు చెప్పి పగలదు. సర్వీసు షాపులో ర్యాంపు అద్దెకి దొరికితే అదే మేలు. ఇంజిన్ రాత్రంతా చల్లారాకే పని మొదలెట్టాలి.

పాత బోల్టుల సంగతి మన దగ్గర వేరేగా ఉంటుంది. భీమవరం, నరసాపురం వైపు ఉప్పునీటి రొయ్యల చెరువుల మధ్య తిరిగే కార్లు, అంతర్వేది సముద్రం గాలి తగిలే కార్లు కింద నుంచి తుప్పు పట్టేస్తాయి. పైగా మనం తిరిగేది ఇంటి నుంచి చెరువు గట్టుకీ, గట్టు నుంచి సెంటరుకీ, పైపు పూర్తిగా వేడెక్కే లోపే బండి ఆపేస్తాం, పొగలో ఉన్న తేమ సైలెన్సర్‌లోనే నీరై నిలబడి లోపల్నుంచి కూడా తినేస్తుంది. అందుకని ముందురోజు సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఇంకోసారి బోల్టులకి తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే కొట్టి వదిలేయండి. పొద్దున రింగు స్పానరే వాడండి, రెండు నోళ్ల స్పానర్ పెట్టి బలం చూపిస్తే నట్టు గుండ్రంగా అయిపోతుంది. కొత్త సైలెన్సర్ కొనేటప్పుడు అడుగున నీళ్లు కారడానికి చిన్న చిల్లు ఉందో లేదో చూడండి, ఉంటే దాన్ని మూసేయొద్దు.

విప్పే ముందు ఫోన్లో ఫొటోలు తీసుకోండి, ఏ రబ్బరు ఎటు తిరిగి ఉంది, ఏ రేకు ఎక్కడ ఆనింది అన్నీ. ఇంకో పని, పాత సైలెన్సర్ ఉండగానే పైపంతా గుప్పిటితో తట్టుకుంటూ వెళ్లండి. మా బావమరిది కారుకి గలగల కొత్త సైలెన్సర్ వల్లే అని వారం రోజులు గింజుకున్నాం, తీరా చూస్తే మధ్యలో వేడి ఆపే రేకు ఎప్పుడో వదులైంది, పాత సైలెన్సర్ సౌండు తక్కువ కాబట్టి అప్పట్లో వినపడలేదంతే.

రబ్బర్లు కొత్తవి వేయండి. వేలతో సైలెన్సర్ కొని వందల రబ్బరు దగ్గర ఎనకాడితే ఎలాగండి. పాతవి సాగి, పగుళ్లిచ్చి ఉంటాయి, పైపు రెండు మూడు వేళ్లు కిందకి జారి ఊగుతుంది. ఎక్కించేటప్పుడు జారడానికి సబ్బునీళ్లు రాయండి, గ్రీజూ నూనే రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

ఇక అసలు సంగతి. పడవని రేవులో కట్టేటప్పుడు తాడు బిర్రుగా లాగి కట్టరు కదా, ఆటుపోట్లకి లేచి దిగడానికి కాస్త వదులిస్తారు, సైలెన్సర్ కూడా అంతే, అది కారు కింద వేలాడాలి, కారుకి అతుక్కుపోకూడదు. ఇనుము వేడికి సాగుతుంది, 304 రకం స్టీలు పైపు రెండున్నర మీటర్లుంటే, 300 డిగ్రీల వేడి పెరిగేసరికి ఇంచుమించు 12, 13 మిల్లీమీటర్లు పొడుగవుతుంది, అంటే అరంగుళం. ముందు ఇంజిన్ దగ్గర పట్టేసి ఉంటుంది కాబట్టి ఆ అరంగుళమూ వెనక్కే జరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు షాపులో అంతా సరిగ్గా కుదిరినట్టు కనపడి, చించినాడ వంతెన దాటేసరికి టకటక మొదలయ్యేది ఇందుకే. పైపు చుట్టూ బాడీకీ పెట్రోలు ట్యాంకుకీ బ్రేకు పైపులకీ వెనక బంపరు అంచుకీ కనీసం బొటనవేలు దూరేంత సందుండాలి. రబ్బర్లు చల్లగా ఉన్నప్పుడు కొద్దిగా ముందుకి వాలి ఉంటే వేడెక్కాక నిటారుగా వస్తాయి. ఏదైనా రబ్బరు పక్కకి పీక్కుపోయి ఉంటే పైపు వంకర కుదిరిందని లెక్క, దాన్ని బలవంతంగా బిగించి సరిపెట్టకూడదు.

కాబట్టి ముందు అన్ని బోల్టులూ క్లాంపులూ చేత్తో తిరిగేంత వదులుగా ఉంచి మొత్తం పైపు వేలాడదీయండి, పైపుని తిప్పీ, ముందుకీ వెనక్కీ జరిపీ సందులన్నీ చూసుకున్నాక ఇంజిన్ వైపు నుంచి మొదలెట్టి వెనక్కి ఒక్కొక్కటే బిగించుకుంటూ రండి, మొదటి రౌండు సగం, రెండో రౌండు పూర్తిగా. వెనక నుంచి బిగిస్తే వంకరంతా ముందుకి పోయి చేరుతుంది. ప్యాకింగ్, అంటే జాయింటు మధ్యలో పొగ లీకవకుండా పెట్టే గ్యాస్కెట్, ప్రతి జాయింటుకీ కొత్తదే. స్ప్రింగు బోల్టులున్న జాయింటుని చుట్టలు ఒకదానికొకటి ఆనేదాకా బిగించేవాళ్లున్నారు, ఆ స్ప్రింగు పెట్టిందే జాయింటు కదలడానికి, కదలకపోతే ఇంజిన్ వణుకంతా బాడీకి వచ్చేస్తుంది. ఇంజిన్ వెనకాల ఉండే, అటూ ఇటూ వంగే అల్లిక పైపు మెలి తిరగకుండా చూడండి.

ర్యాంపు మీద చక్రాలు కిందకి వేలాడుతుంటాయి, అప్పుడు కనపడే సందు నేల మీద ఉండదు. కారు దింపి వెనక సీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టి మళ్లీ చూడండి. పైపు వెనక యాక్సిల్ పైనుంచి పోయే కార్లలో బరువు పడితే యాక్సిల్ లేచి పైపుకి తగులుతుంది, పండక్కి ఐదుగురు ఎక్కి డిక్కీ నిండా సామానేస్తే స్పీడ్‌బ్రేకర్ దగ్గర ఢక్కుమనేది అదే. సందు మీద అనుమానముంటే పిల్లలాడుకునే బంకమన్ను చిన్న ఉండ చేసి అక్కడ అంటించి, పైపు చల్లగా ఉండగానే నెమ్మదిగా వీధి చివరిదాకా వెళ్లిరండి, అది ఎంత నొక్కుకుపోయిందో చూస్తే తెలిసిపోతుంది.

చప్పుడు బట్టి చోటు పట్టొచ్చు, చెవి పెట్టి వినాలి. సన్నగా గలగలమని, యాక్సిలరేటర్ ఒక చోట ఉన్నప్పుడే వచ్చి దాటగానే పోతే రేకో క్లాంపో వదులు. గుంటల్లో మాత్రమే టకటకమంటే పైపు దేనికో తగులుతోంది. చల్లగా ఉన్నప్పుడు చప్ చప్ మని, వేడెక్కాక తగ్గితే జాయింటు దగ్గర పొగ లీకు. పైపుని చేత్తో ఊపితే లోపల గరగరమని ఏదో దొర్లినట్టుంటే సైలెన్సర్ లోపలి రేకు ఊడింది, దాన్ని బయట నుంచి ఏం చేసినా లాభం లేదు, మార్పించుకోండి. హైవే మీద ఒకే స్పీడులో తల నొప్పెట్టేలా ఝుమ్మంటే అది వదులు వల్ల రాదు, ఆ సైలెన్సర్ తీరే అంత, మధ్యలో రెసొనేటర్ (ఆ మోత తగ్గించే ఇంకో చిన్న డబ్బా) ఉంటే తగ్గుతుంది.

వేడి ఆపే రేకు గురించి గట్టిగా చెప్పాలి. గలగల అంటోందని దాన్ని పీకి పారేసే మెకానిక్కులున్నారు, ఒప్పుకోకండి. ఆ రేకు ట్యాంకుకీ కారు అడుక్కీ వేడి తగలకుండా కాస్తుంది. సార్వా నూర్పిళ్లప్పుడూ దాళ్వా కోతలప్పుడూ మన రోడ్ల మీద వరిగడ్డి ఎలా పరుస్తారో తెలుసు కదా, దాని మీద నుంచి పోతే గడ్డి పైపుకి చుట్టుకుంటుంది, ఎండుగడ్డి వేడి పైపు మీద అంటుకుంటే కారు మొత్తం పోతుంది. బోల్టు చిల్లు పెద్దదైపోతే వెడల్పాటి వాషర్ వేసి బిగించండి, లేదంటే పెద్ద స్టీలు హోస్ క్లాంపు రేకు చుట్టూ తిప్పి కట్టండి, పని చేస్తుంది. గడ్డి పరిచిన రోడ్డు దాటి వస్తే ఆపి ఒకసారి కిందకి వంగి చూడండి.

వెల్డింగ్ పడితే బ్యాటరీ మైనస్ వైరు తీయించండి, ట్యాంకు పక్కన కారు మీద ఉండగా వెల్డింగ్ పెట్టనివ్వొద్దు, పైపు దింపి బయట చేయించండి. జింకు పూత ఉండే జీఐ ఇనుప ముక్క పెట్టి వెల్డింగ్ చేస్తే వచ్చే జింకు పొగ మంచిది కాదు. సెన్సర్ దగ్గర సిలికాన్ సీలెంట్ పూస్తే సెన్సర్ చెడుతుంది.

లీకుని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, రంగుండదు, కారు కింద లీకైతే లోపలికి వస్తుంది, ఏసీ వేసుకుని పిల్లలు వెనక పడుకుని ఉంటే వాళ్లకే ముందు తగులుతుంది. షెడ్డు తలుపులు మూసి ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు.

అంతా అయ్యాక బండి ఐడిల్‌లో ఉంచి ఏసీ వేసి ఒకసారి, ఏసీ ఆపి ఒకసారి వినండి, తర్వాత కాలవగట్టు రోడ్డు మీద కొంచెం, హైవే మీద కొంచెం, వెనక సీట్లో ఒకరు కూర్చుని వింటూ ఉండాలి. వంద కిలోమీటర్లు తిరిగాక చల్లారబెట్టి మళ్లీ ఒకసారి బోల్టులన్నీ చూడండి, కొత్త ప్యాకింగ్ వేడికి అణిగి కొద్దిగా వదులిస్తుంది.

పాత సైలెన్సర్‌ని పాత ఇనప సామాన్లోడికి వేసేయకండి, బోల్టులూ బ్రాకెట్లూ ఓ సంచిలో మూటకట్టి దానికే కట్టి అటక మీద పెట్టండి, రేపు పోలీసులు మార్చమన్నా, కారు అమ్ముకోవాల్సొచ్చినా అదే కావాలి.